వీరగున్నమ్మ

మందస అనగానే మన హాస్టలు మిత్రులకు కోవా గుర్తుకు వస్తుంది. అందులో తప్పేమీ లేదు, కోవా మంచిదే. కాని టెక్కలి, నందిగాం, పలాస మీదుగా హరిపురం వెళ్ళే బస్సులో ఆ ప్రాంతపు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మాట కలిపి చూడండి, మరో పేరు వినపడుతుంది. అది గున్నమ్మ పేరు. ఇంటిపేరు సాసుమాన. జిల్లా జనం ఆమెను వీరగున్నమ్మ అంటారు.

రాణులకూ నాయకులకూ ఉన్నట్టు ఆమెకు కోటలు గాని, ఉపన్యాసాలు గాని లేవు. మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో ఓ రైతు ఇంటి ఆడది. ఆమెను చరిత్రలోకి ఎక్కించింది ఒకే ఒక్క రోజు, 1940 ఏప్రిల్ 1.

ఆ రోజు అర్థం కావాలంటే ముందు ఆ నేల తీరు తెలియాలి. తూర్పున ఉద్దానం తోటలు, పడమటన మహేంద్రగిరి అడవి, మధ్యలో వరి పొలాలు. నాగలికి కర్ర, కాడికి కర్ర, ఇంటికి దూలం, పొయ్యిలోకి పుల్ల, అన్నీ అడవిలోంచే రావాలి. ఆ అడవి మాదే అన్నారు జమీందార్లు. రైతు చూస్తే తాతల నాటి నుంచీ తెచ్చుకుంటున్న కర్ర. దానికి కొత్తగా రుసుము ఏటి, దొంగతనం ఏటి?

అప్పటికింకా శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో ఏర్పడింది. మందస అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక, రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం వేశారు. 1938లో నివేదిక వచ్చింది. రైతులకు ఆశ పుట్టింది. 1939 అక్టోబరు చివర్లో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక నివేదికగానే ఉండిపోయింది, పరిపాలన గవర్నరు చేతికి పోయింది. 1940 మార్చి చివర్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలోనే జరిగింది. అధ్యక్షుడుగా ఎన్నికైనవారు రాహుల్ సాంకృత్యాయన్. దేశం నలుమూలల రైతు నాయకులు ఆ సభకు వచ్చారు.

మహాసభ ముగిసిన కొద్ది రోజులకే మందసలో కాల్పులు జరిగాయి.

రైతులు అడవి నుంచి కలప తెచ్చుకోవడం, జమీందారు మనుషులు అడ్డుకోవడం, తగువు ముదరడం. చివరకు రైతు నాయకులను పట్టుకుపోవడానికి పోలీసులు తుపాకులతో ఊళ్ళోకి వచ్చారు. ఊరు అడ్డం పడింది. ఆ జనానికి ముందు నిలబడిన మనిషి గున్నమ్మ. అప్పటికామె గర్భిణి. పోలీసులు కాల్చారు. గున్నమ్మతో కలిపి ఐదుగురి ప్రాణాలు పోయాయి.

సాధారణంగా గున్నమ్మ కథ ఇక్కడితో ఆగిపోతుంది, ఆమె ధైర్యాన్ని పొగిడి మనం చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఆ తుపాకీ అవతలి కొసన ఉన్నవాడి సంగతి కూడా మాట్లాడాలనిపిస్తుంది. ఎందుకంటే ఎన్.సి.సి.లో చేరాక తుపాకీ పట్టుకోవడమంటే ఏమిటో కాస్త తెలిసింది.

ఆ రోజుల్లో మన పోలీసు చేతిలో ఉన్న తుపాకీ ఏ రకమైనా సరే, దానంతట అది వరసగా కాల్చేది కాదు. బోల్టు రైఫిలయితే ఒక తూటా పేలాక బోల్టు ఎత్తాలి, వెనక్కి లాగాలి, ఖాళీ గుల్ల బయటపడాలి, బోల్టు ముందుకు నెట్టాలి, కిందికి దించాలి. అప్పటిగ్గాని రెండోది సిద్ధం కాదు. అంటే రెండో తూటా కంగారులో వేలు జారి పేలిందని చెప్పడానికి వీల్లేదు. ప్రతి తూటా వెనకా చేతి కదలిక ఉంది, ఓ క్షణం ఆలోచించడానికి వ్యవధి ఉంది. రైఫిలుకు సేఫ్టీ క్యాచ్ కూడా ఉంటుంది. అధికారి నడుమున ఉండే రివాల్వరుకు సాధారణంగా అదీ ఉండదు. వేలు గుర్రం మీద పెట్టకుండా బయట ఉంచుకోవడమే దానికి సేఫ్టీ. ఫైరింగు రేంజిలో మాకు మొదటి రోజు నేర్పింది గురి చూడడం కాదు. తుపాకీ ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు, నువ్వు తెరిచి చూడు, మనిషివైపు గొట్టం తిప్పకు, అని నేర్పారు. కాల్పులయ్యాక ఖాళీ గుల్లలు ఏరి, ఇచ్చిన తూటాలతో లెక్క సరిపోయేదాకా మమ్మల్ని టీకి కూడా వదల్లేదు. అట్ట బొమ్మల మీద కాల్చిన వాటికే అంత లెక్క!

చట్టంలోనూ లెక్క ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షను ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవ ద్వీపాంతరవాసం గాని పడే నేరం మోపబడని మనిషిని అరెస్టు చేసేటప్పుడు ప్రాణం తీసే హక్కు పోలీసుకు లేదు. మామూలు దొంగతనానికి పీనల్ కోడ్‌లో పెద్ద శిక్ష మూడేళ్ళ జైలు. కాల్పులు జరిగిన ప్రతిచోటా వినపడేది ఆత్మరక్షణ అనే మాట. ఆ హక్కు నిజమే. అవసరానికి మించి హాని చేయరాదన్న హద్దు 99వ సెక్షనులో ఉందన్నదీ నిజమే. ఆ మాటలన్నీ గున్నమ్మ పుట్టక ముందే అచ్చయి, ప్రతి స్టేషను బీరువాలోనూ ఉన్నవే.

స్వరాజ్యం వచ్చింది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు పోయాయి. తుపాకీ మాత్రం మన తీరాన్ని వదల్లేదు. 2010 జులై 14న సోంపేటలో బీల భూముల కోసం నిలబడ్డవాళ్ళ మీద, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లి వైపు, కాల్పులు జరిగి మనుషులు పోయారు. సోంపేట విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని కాల్పులు జరిగిన రోజునే అప్పీలు సంస్థ రద్దు చేసింది. ఒక్క పూట ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఎదురుకాల్పుల్లో మనిషి చనిపోతే, కాల్చిన పోలీసులు తమ ఆయుధాలను పరీక్షకు అప్పగించాలని సుప్రీంకోర్టు చెప్పింది 2014లో. అప్పటికి గున్నమ్మ పోయి 74 ఏళ్ళు.

మందస మండలంలో ఇప్పుడు వీరగున్నమ్మపురం అని ఊరే ఉంది. ఏప్రిల్ 1న మనం హాస్టల్లో ఒకరినొకరు ఫూల్ చేసుకుని నవ్వుకుంటాం. మందస వైపు ఆ రోజు గున్నమ్మ వర్ధంతి.