కట్టెల మోపు నుంచి గుడి గడప దాకా: సానే గురూజీ

పాండురంగ సదాశివ సానే 1899 డిసెంబరు 24న కొంకణ్‌లోని పాల్గడ్‌లో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. అమల్నేర్‌లో పంతులుగా పనిచేశారు. 1930లో ఉద్యోగం వదిలి ఉప్పు సత్యాగ్రహంలో దిగారు. 1933లో నాసిక్ జైల్లో 'శ్యామ్‌చీ ఆయీ' రాశారు. శ్యామ్ పెద్దయ్యాక తన తల్లి గురించి చెప్పే కథలవి. మరాఠీ ఇళ్లలో పిల్లలు తరతరాలుగా చదువుతున్నారు.

అందులో ఒక కథ దగ్గర మేం ప్రతిసారీ ఆగిపోతాం. ఒక మహర్ ముసలమ్మ కట్టెల మోపు కిందపడితే, ముట్టుకుని ఎత్తేవాళ్లు ఉండరు. తల్లి శ్యామ్‌ని పంపి ఎత్తిస్తుంది. ఇంటికొచ్చి స్నానం మాత్రం చేయమంటుంది. జాలి ఉంది, మైల పోలేదు.

రచయిత అక్కడితో ఆగలేదు. పండరీపురం విఠోబా గుడిలోకి దళితులను రానిచ్చేవారు కాదు. భక్తకవి చోఖామేళా సమాధి కూడా మెట్ల దగ్గరే ఉండిపోయింది. సానే మహారాష్ట్రంతా తిరిగి జనాన్ని కూడగట్టి, 1947 మే 1న అక్కడే నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరికి గుడి తలుపులు తెరవక తప్పలేదు.

అయితే నాసిక్ కాలారామ్ గుడి పోరాటం నడిపిన అంబేడ్కర్, 1935లోనే హిందువుగా చావనని యేవలాలో ప్రకటించారు. గుడి ప్రవేశమే విముక్తి కాదని మనకు ఆ దారి చెబుతుంది. సానే 1950 జూన్ 11న కన్నుమూశారు.

ఈ పుస్తకం మన పిల్లలకు ఇద్దాం. ఆ స్నానం ఎందుకని వాళ్లను అడగనిద్దాం.