బడిలో ఒంటరివాడు

పార్వతీపురం, శ్రీకాకుళం, బెజవాడ, అనంతపురం, కర్నూలు... ఈ ఊళ్లకీ కంప్యూటర్ పుట్టుకకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. భార్య ఈథెల్ పుట్టింది కూడా ఇక్కడే, కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. బదిలీల మీద ఈ ఊళ్లన్నీ తిరిగి 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. అక్కడుండగానే ఆమె రెండోసారి నెల తప్పింది. 1912 జూన్ 23న లండన్‌లో మగపిల్లాడు పుట్టాడు. అతనే అలాన్ ట్యూరింగ్.

పిల్లలకి ఇక్కడి ఎండలు పడవన్న భయం ఆనాటి దొరలకి. అందుకే అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండులో ఒక రిటైర్డ్ కల్నల్ దంపతుల దగ్గర వదిలి అమ్మానాన్నలు ఇండియా వచ్చేశారు. అప్పటికి అలాన్‌కి ఏడాది దాటిందంతే. అమ్మానాన్నలు సెలవుల్లో వచ్చినప్పుడే కనబడేవారు.

1926లో షెర్బోర్న్ హాస్టల్ స్కూల్లో చేర్చారు. బడి తెరిచే సమయానికి దేశమంతా సమ్మె, రైళ్లు లేవు. పదమూడేళ్ల పిల్లాడు సైకిలెక్కి దాదాపు వంద కిలోమీటర్లు తొక్కాడు. దారిలో ఒక రాత్రి సత్రంలో పడుకుని మర్నాటికి బడి చేరుకున్నాడు!

అంత పట్టుదల ఉన్నవాడికి బడిలో మాత్రం ఆదరణ దొరకలేదు. అక్కడ లాటిన్‌కే పెద్దపీట. ఇతనికేమో లెక్కలూ సైన్సూ ప్రాణం. చేతులకి సిరా మరకలు, వంకర రాత, నలిగిన బట్టలు. మాస్టర్లు విసుక్కునేవారు, తోటిపిల్లలు ఏడిపించేవారు.

ఆ ఒంటరితనంలో దొరికిన ఒకే ఒక్క నేస్తం క్రిస్టఫర్ మోర్కమ్. ఒక తరగతి పెద్ద. ఇద్దరికీ నక్షత్రాలంటే పిచ్చి. అతని పక్కన కూర్చోవడం కోసమే అలాన్ చదువులో శ్రద్ధ పెంచుకున్నాడు. అది స్నేహాన్ని దాటిన తొలిప్రేమ. కానీ ఆ మాట ఎవరితో అనగలడు? 1930 ఫిబ్రవరి 13న క్రిస్టఫర్ పోయాడు. చిన్నప్పుడు తాగిన ఆవుపాల వల్ల సోకిన క్షయ అతన్ని తినేసింది. పదిహేడేళ్ల అలాన్ తన దుఃఖంలో సగమే పైకి చెప్పుకోగలిగాడు. క్రిస్టఫర్ తల్లికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. కన్నకొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లి ఒక్కతే అతనికి ఆసరా అయింది.

ఆ పైన కేంబ్రిడ్జి చదువు. 1936లో, ఏ లెక్కనైనా సూచనల ప్రకారం చేసుకుపోయే యంత్రం ఎలా ఉండాలో ఊహించి రాశాడు. ఇప్పటి కంప్యూటర్లకి పునాది అదే. 1939లో యుద్ధం రాగానే బ్లెచ్లీ పార్కులో చేరి, జర్మన్ల ఎనిగ్మా రహస్య సందేశాలు విప్పే యంత్రం తయారీకి నడుం కట్టాడు. అక్కడ పనిచేసిన వారిలో నూటికి డెబ్బై అయిదుగురు దాకా ఆడవాళ్లే. వాళ్లలో ఒకరైన జోన్ క్లార్క్‌తో 1941లో పెళ్లి నిశ్చయమైంది. తనకి మగవాళ్ల మీదే మనసు పోతుందని ఆమెకి దాచకుండా చెప్పేశాడు. ఆమె బెదిరిపోలేదు. అయినా ఆమె జీవితం పాడుచేయలేక తనే సంబంధం వదులుకున్నాడు. స్నేహం మాత్రం నిలిచింది.

1952లో ఇంట్లో దొంగలు పడితే పోలీసులకి చెప్పాడు. విచారణలో ఒక యువకుడితో తనకున్న సంబంధం కూడా దాచలేదు. దొంగల సంగతి పక్కకి పోయి, ముద్దాయి తనే అయ్యాడు! జైలు తప్పాలంటే ఏడాదిపాటు ఆడవాళ్ల హార్మోన్లు తీసుకోవాలన్నారు. ఒప్పుకున్నాడు. రహస్య విభాగం తలుపులు మూసేసింది. 1954 జూన్ 7న సైనైడ్‌తో కన్నుమూశాడు. ఆత్మహత్య అన్నారు అధికారులు. ప్రయోగాల్లో జరిగిన పొరపాటని తల్లి కడదాకా నమ్మింది. అప్పటికతనికి నలభై రెండేళ్లు నిండలేదు.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. 2021లో యాభై పౌన్ల నోటు మీద బొమ్మ వేశారు. పోయిన మనిషికి ఇవన్నీ ఎందుకు? పోయినవాళ్లకి కాదు, ఇప్పుడు బడిలో ఉన్నవాళ్లకి.

ఇలాంటి విషయాలు పిల్లలకి మామూలుగా చెప్పకుండా ఇంగ్లండులో 1988 నుంచి 2003 దాకా చట్టమే అడ్డుపడింది. 2005 నుంచి అక్కడి బడుల్లో ఏటా ఫిబ్రవరిలో ఈ చరిత్ర చెప్పుకుంటున్నారు. చాలాచోట్ల విద్యార్థుల క్లబ్బులున్నాయి. మన దగ్గరా 1860లో దొరలు పెట్టిన 377వ సెక్షన్ కింద, ఇష్టపడి కలిసిన పెద్దలని నేరస్తులనడం తప్పని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

క్లబ్బులో ఏం చేయాలంటారా? ట్యూరింగ్ కథతోనే మొదలుపెట్టొచ్చు. ఒక వారం అక్షరాలు మార్చి రాసిన రహస్య సందేశం విప్పే ఆట. ఇంకో వారం, పదిహేడేళ్ల అలాన్‌కి ధైర్యం చెబుతూ పేరు రాయకుండా ఉత్తరాలు రాసి డబ్బాలో వేయడం, అందరూ చదువుకోవడం. మరో వారం జోన్ క్లార్క్ గురించి, నిజం విన్నాక స్నేహం నిలబెట్టుకోవడం గురించి మాట్లాడుకోవడం. ఒక్క నియమం తప్పనిసరి. నువ్వెవరివని ఎవర్నీ అడగకూడదు, అక్కడ విన్నది బయట చెప్పకూడదు. మనసులోది ఎప్పుడు, ఎవరితో చెప్పుకోవాలన్నది ఆ బిడ్డ ఇష్టం.

అలాన్‌కి దొరికింది ఒక్క క్రిస్టఫరే. వారానికో గంట అలాంటి గది ఉంటే, ఆ ఒక్కరూ లేని పిల్లలకీ ఒక తోడు దొరుకుతుంది.