శ్వేతలిపి చిత్రకారుడు మార్క్ టోబీ

పరదేశపు విద్యను ఆశ్రయించిన కళాకారునికి అనుకరణమనే అపాయం ఎప్పుడూ పొంచి ఉంటుంది. తూర్పు దేశాల లిపికళ వలన ప్రేరణ పొందిన పాశ్చాత్య చిత్రకారులు అనేకులున్నారు. వారిలో ఆ అపాయాన్ని దాటి, తన త్రోవను తాను ఏర్పరచుకున్నవాడు అమెరికా చిత్రకారుడు మార్క్ టోబీ.

టోబీ 1890 డిసెంబరు 11వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రంలోని సెంటర్‌విల్ గ్రామంలో జన్మించినాడు. బాల్యం మిసిసిపీ నదీతీరాన ఒక చిన్న ఊరిలో గడచినది. నదియు, అడవియు అతని తొలి పాఠశాలలు. షికాగోలో కొద్దికాలం చిత్రలేఖనం అభ్యసించి, 1911లో న్యూయార్కు చేరి, పత్రికలకు వేషధారణ చిత్రాలు, ఉన్నతవర్గాల వారికి రూపచిత్రాలు వ్రాసి జీవించినాడు. 1918లో సర్వమానవ ఐక్యాన్ని బోధించే బహాయీ మతాన్ని స్వీకరించినాడు.

తరువాత సియాటిల్ నగరంలోని కార్నిష్ పాఠశాలలో ఉపాధ్యాయుడైనాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్న టెంగ్ క్వే అనే చైనా యువకుడు అతనికి తూర్పు దేశాల పద్ధతిలో కుంచె పట్టడం నేర్పినాడు. అంతవరకు టోబీకి చెట్టు వెలుగునీడలలో నిలిచిన ఘనరూపం. ఇప్పుడది నేలనుండి లేచి కొమ్మకొమ్మకూ ప్రాకే గమనమైనది.

ఇంగ్లండులోని డార్టింగ్టన్ హాల్‌లో బోధిస్తున్న రోజులలో, 1934లో, మృణ్మయ పాత్రల నిర్మాణంలో ప్రసిద్ధుడైన బెర్నార్డ్ లీచ్‌తో కలసి ప్రాచ్యయాత్రకు బయలుదేరినాడు. షాంఘైలో టెంగ్‌ను మరల కలసికొని, జపాను వెళ్లి, క్యోటోలో ఒక జెన్ మఠంలో సుమారు నెలరోజులు గడపినాడు. అక్కడ లిపికళను, సిరాచిత్రణాన్ని అభ్యసించినాడు. కుంచెతో గీసిన ఒక వృత్తాన్ని ఎదుట ఉంచుకొని ధ్యానం చేసినాడు. బాల్యం నుండి చేయి తిరిగిన లేఖకుల నడుమ, తాను ఎన్నటికీ పాశ్చాత్యుడనే అని అతడు గ్రహించినాడు. ఆ గ్రహింపే అతనికి మేలు చేసినది. అక్షరాల ఆకృతిని అక్కడనే వదలి, వాటిని నడిపించే చేతి వేగాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఇంగ్లండుకు తిరిగివచ్చిన పిదప, 1935లో ఒకనాటి రాత్రి అతడు కుంచె పట్టినాడు. ముదురు రంగు నేలపై సన్నని తెల్లని గీతలు అల్లుకొనిపోగా, వాటిలోనుండి న్యూయార్కులోని బ్రాడ్వే వీధి బయల్పడినది. దీపాలు, జనసమ్మర్దం, వాహనాల రద్దీ, అన్నీ ఒకే వ్రాతలో కలసిపోయినవి. అప్పటికతని వయస్సు నలుబదిదాటినది. ఈ పద్ధతికే శ్వేతలిపి అని పేరు వచ్చినది.

కాలక్రమాన ఈ లిపి నగరాన్ని దాటి ప్రకృతిని చేరినది. ఆగస్టు అంచు అనే పేరుగల 1953నాటి చిత్రంలో ఆకుగాని, కొమ్మగాని కానరాదు. వేసవి శరత్తులోనికి జారే సంధికాలం లెక్కకందని సన్నగీతల వలలో చిక్కుకొని ఉన్నది. 1957లో కొద్దిమాసాలు అతడు కాగితంపై నల్లసిరాను చిమ్మి చిత్రాలు వ్రాసినాడు.

1944లోనే శ్వేతలిపి చిత్రాలు న్యూయార్కులో ప్రదర్శింపబడినవి. 1947 నుండి జాక్సన్ పొలాక్ విశాలమైన కాన్వాసులపై రంగులు ధారగా పోసి లోకాన్ని ఆకర్షించగా, చిన్న పలకలపై ఓపికగా పనిచేసిన టోబీ స్వదేశంలో మరుగునపడినాడు. అతనిని యూరపు ఆదరించినది. 1958లో వెనిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో చిత్రకళకు బహుమతి లభించినది. 1960లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో స్థిరపడినాడు. 1961లో పారిస్ అలంకార కళల మ్యూజియంలో అతని జీవితకాలపు కృషి ప్రదర్శింపబడినది. 1976 ఏప్రిల్ 24న బాసెల్‌లోనే మరణించినాడు.

గురువు వ్రాసినదానినే తిరిగి వ్రాసేవాడు ఋణగ్రస్తుడుగానే మిగులుతాడు. గురువు దిద్దిన చేతితో తన లోకాన్ని తాను వ్రాసిన టోబీ ఆ ఋణాన్ని తీర్చుకున్నాడు.