కలలో మేలుకున్నవాడు: ఆచార్య నాగార్జునుడు



అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కి పోతున్న తమ్ముడూ, చెల్లీ! పరీక్ష హాల్లో పెన్ను కదలని కల మీకూ వచ్చే ఉంటది. చెమటలు పట్టి లేచాక హమ్మయ్య, కలేగా అనుకుంటారు. లేవకముందే, ఆ కలలోనే ఇది కల అని తెలిసిపోతే? భయం సగం అక్కడే పోతుంది. దీన్నే లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో ఒక మనిషి కలగంటూనే, ముందే అనుకున్నట్టు కళ్లు కదిలించి గుర్తు పంపాడు. యంత్రం దాన్ని నమోదు చేసింది.

ఈ మేలుకోవడమే మన ధమ్మానికి ప్రాణం. అది తెలియాలంటే ఆచార్య నాగార్జునుడి జీవితం చూడండి.

క్రీస్తుశకం 2వ శతాబ్దం ప్రాంతంలో దక్షిణాదిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడాయన. కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చిన జీవితకథ ప్రకారం, కుర్రతనంలో ముగ్గురు స్నేహితులతో కలిసి కంటికి కనపడకుండా రాజు అంతఃపురంలోకి దూరాడు. స్నేహితులు కత్తులకు బలయ్యారు. తాను మాత్రం బయటపడ్డాడు. కోరికే దుఃఖానికి మూలమని అప్పుడు తెలిసొచ్చి భిక్షువయ్యాడు. ఇందులో మహిమల కథ ఎంతో, చరిత్ర ఎంతో మీరే ఆలోచించండి. కోరిక మత్తులోంచి ఒక మనిషి మేలుకున్నాడన్నదే మనకు ముఖ్యం.

ఆయన రాసిన మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలున్నాయి. కారణాల వల్ల పుట్టిన ప్రతిదీ కల లాంటిది, ఎండమావి లాంటిది అంటాడు. ఇక్కడ జాగ్రత్త! కల లాంటిది అంటే అసలు లేదని కాదు. పీడకలలో గుండె నిజంగానే దడదడలాడుతుంది. కారణాలున్నంత కాలం ఉంటుంది, కారణాలు పోతే పోతుంది. అంతే.

కాబట్టి కులం పేరుతో అవమానపడ్డ మనిషికి అంతా మాయే, ఓర్చుకో అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇదే నాగార్జునుడు రత్నావళిలో రాజుకి ఏం చెప్పాడు? ఖైదీలకు తిండి, మందులు ఇమ్మన్నాడు. కష్టంలో ఉన్న రైతుకి విత్తనాలిచ్చి ఆదుకోమన్నాడు. లోకం కల లాంటిదన్నవాడు కన్నీళ్లను కల అని కొట్టిపారేయలేదు.

కులం మనసులో పాతుకుపోయిన భావన అని బాబాసాహెబ్ 1936లో చెప్పారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందిని ఆ పీడకలలోంచి లేపారు.

మరి కలలో మేలుకోవడం ఎట్లా? మంత్రం లేదు, మహిమ లేదు. పగలు కొన్నిసార్లు ఆగి, ఇది కలా అని నిజంగా అడగండి. మెట్రో స్టేషన్లో బోర్డు చదివి, తల తిప్పి మళ్లీ చదవండి. కలలో అయితే అక్షరాలు తరచూ మారిపోతాయి. లేవగానే కల రాసుకోండి. తెల్లవారుజామున కలలు ఎక్కువ గనుక, ఆ వేళ కాసేపు మేలుకుని మళ్లీ పడుకుంటే కొందరికి ఎరుక త్వరగా వస్తుంది. నిద్ర మాత్రం పాడు చేసుకోకండి. పగటి అలవాటే రాత్రి పనిచేస్తుంది. పాళీలో దీని పేరు సతి.

వీలైతే ఒక ఆదివారం నాగార్జునసాగర్ వెళ్లండి. పడవెక్కి, ఆయన పేరు మోస్తున్న కొండ మీద దిగండి. నేను ఏ కలను నిజమనుకుని బతుకుతున్నానని అక్కడ మిమ్మల్ని మీరు అడగండి.

నమో బుద్ధాయ!