పండిత రమాబాయి

1858 ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూలమను అడవి ప్రదేశమున రమాబాయి జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదని పెద్దలు వారించినను వినక ఆయన భార్యయగు లక్ష్మీబాయికి చదువు చెప్పెను. ఆ తల్లియే కుమార్తెకు గురువయ్యెను. ఆ కుటుంబము యాత్రాస్థలములు తిరుగుచు, పురాణములు చదివి, భక్తులిచ్చిన దానితో జీవించుచుండెడిది. 1870 దశకమునందలి కరవులో వారి సొమ్మంతయు కరగిపోయెను. తిరుపతి చెంతనున్న అడవిలో వారు ఆకులు తిని కొన్ని దినములు గడపిరి. స్వల్పకాలములోనే తల్లిదండ్రులిరువురును మరణించిరి.

1878లో రమాబాయి అన్న శ్రీనివాసునితో కలకత్తా చేరెను. అచ్చటి విద్వాంసులు ఆమె పాండిత్యమునకు అచ్చెరువంది పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. స్త్రీధర్మములను గూర్చి ప్రసంగింపుమని కొందఱు కోరగా ఆమె ధర్మశాస్త్రములను వెదకి చదివెను. ఒక గ్రంథము చెప్పినది మఱియొకటి కాదనుచున్నను, స్త్రీకి అధికారము లేదనుటలో మాత్రము అన్నియు ఏకమైనట్లు ఆమెకు తోచెను. పెద్దల మాటను మూలగ్రంథముతో సరిచూచు అలవాటు ఆమెకు నాడే కలిగెను.

1880లో అన్న గతించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ మేధావి అను వంగదేశపు న్యాయవాదిని వివాహమాడెను. 1882లో ఆయన కలరాచే మరణించెను. పసిబిడ్డ మనోరమతో ఆమె పూనా చేరి, ఆర్య మహిళా సమాజమును స్థాపించెను.

వైద్యము నేర్వవలెనని 1883లో ఇంగ్లండుకు వెడలెను గాని, చెవుడు ఆ కోరికను సాగనీయలేదు. వాంటేజి పట్టణములోని సెయింట్ మేరీ మఠమున ఉండి, ఆ సెప్టెంబరు 29వ తేదీన కుమార్తెతో గూడ బాప్తిస్మము పొందెను. చిక్కులు ఆపైననే పుట్టెను. త్రిత్వ సిద్ధాంతమును గూర్చియు, కొన్ని విశ్వాస ప్రమాణములను గూర్చియు ఆమెకు సందేహములుండెను. సంఘపు గురువుల బోధను వినయముతో అంగీకరింపవలెనని జెరాల్డీన్ అను సన్యాసిని హితవు చెప్పెను. గురువులు పూజ్యులే గాని వారి వాక్కు దేవుని వాక్కు కానేరదనియు, బైబిలును తన అంతరాత్మ సాక్షిగా తానే చదివి తెలిసికొందుననియు రమాబాయి బదులిచ్చెను. ఒక పురోహిత వర్గపు అధికారమును విడిచి వచ్చి మఱియొక వర్గమునకు తల యొగ్గుట ఆమెకు సమ్మతము కాలేదు.

చిన్న విషయములందును ఈ పట్టుదలయే కానవచ్చెను. లాటిన్ మాటలు చెక్కిన సిలువను ధరింపుమనగా, తన దేశస్థులకు తెలియని లాటిన్ సంస్కృతముకంటె పవిత్రమెట్లగునని ఆమె ప్రశ్నించెను. ఆమె యువకులకు పాఠములు చెప్పరాదని బిషప్పులు అభ్యంతరము తెలిపిరి. స్వదేశమున పురుషుల సభలలో ప్రసంగించిన స్త్రీకి ఇది వింతగా నుండెను. జెరాల్డీన్ కలతకు హేతువు లేకపోలేదు. నిన్న దీక్ష పొందిన వ్యక్తి వందల ఏండ్ల సంప్రదాయమును ప్రశ్నించుచుండెను. చెల్టెన్‌హాం కళాశాలాధ్యక్షురాలు డొరోతియా బీల్ తానును సందేహములు అనుభవించినది గనుక ఓర్పుతో ఉత్తరములు వ్రాసెను. విశేషమేమనగా, వాదించిన జెరాల్డీనే ఆ ఉత్తరములను భద్రపఱచెను. అవి 1977లో గ్రంథముగా వెలువడెను.

1886లో రమాబాయి అమెరికాకు పోయి, వితంతు బాలికల విద్యకై సహాయము కూడగట్టెను. 1889లో బొంబాయిలో శారదా సదనమును తెఱచి, మఱుసటి యేడు పూనాకు మార్చెను. అచ్చట మతబోధ లేదు. అయినను ఆమె ప్రార్థించునపుడు గది తలుపు తెఱచియుండుటచే కొందఱు బాలికలు వచ్చి కూర్చుండిరి. ఎవరిని బలవంతపెట్టలేదనియు, తలుపు మాత్రము మూయననియు ఆమె తెలిపెను. 1893లో రానడే, భండార్కర్ మొదలగువారు సలహాసంఘమును వీడిరి. సంరక్షకులు బాలికలను పలువురను కొనిపోయిరి.

తరువాత కేడ్గాంలో ఆమె నెలకొల్పిన ముక్తి సదనము కరవుబారిన పడిన వందలాది స్త్రీలకు ఆశ్రయమయ్యెను. అచ్చటనే ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికి అనువదింప మొదలిడెను. ఉన్న అనువాదము సంస్కృత పదములతో బరువెక్కి పల్లెపడుచులకు బోధపడకుండెను. వారు మఱియొకరి వివరణకై ఎదురుచూడక తామే చదువుకొనవలెనని ఆమె కోరిక. 1921లో మనోరమ మరణించినను పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి కన్నుమూసెను. ముక్తి సదనపు స్త్రీలు తమ ముద్రణాలయములో ఆ గ్రంథమును అచ్చొత్తిరి. 1924లో అది వెలువడెను.