కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షా

బానిసత్వము కారణముగా అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగెను. ఆ యుద్ధమున ఇరువదియైదేండ్ల ప్రాయముననే అసువులు బాసిన రాబర్ట్ గౌల్డ్ షా చరిత్రము మన గ్రామ యువకులు తెలిసికొనదగినది.

షా 1837 అక్టోబరు 10వ తేదీన బోస్టన్ నగరమున సంపన్న గృహమున జన్మించెను. తల్లిదండ్రులు బానిసత్వ నిర్మూలనమునకు పాటుపడినవారు. హార్వర్డు కళాశాలలో చేరియు పట్టము పొందకయే విడిచెను. యుద్ధము మొదలగుటతోడనే సైన్యమున చేరి, 1862లో ఆంటీటమ్ రణరంగమున పోరాడెను.

1863లో మాసచూసెట్స్ గవర్నరు ఆండ్రూ నల్లజాతి భటులతో 54వ పటాలము నేర్పరచుచు, నాయకత్వమును షాకు ఒసగదలచెను. ఆ జాబును తండ్రి స్వయముగా శిబిరమునకు కొనిపోయెను. షా మొదట నిరాకరించి, కొలది దినములలోనే మనసు మార్చుకొని సమ్మతించెను. మే 2వ తేదీన వివాహమాడి, 28వ తేదీన పటాలముతో బోస్టన్ విడిచెను.

దక్షిణ తీరమున ఆయనకు రెండు పరీక్షలు ఎదురయ్యెను. జూన్ 11న పై యధికారి యానతిపై జార్జియాలోని డేరియన్ పట్టణము దగ్ధమయ్యెను. ఎదిరింపని జనుల యిండ్లు కాల్చుట వీరులకు తగదని షా వేదనతో ఇంటికి వ్రాసెను. పిమ్మట, నెలకు 13 డాలర్లని చేర్చుకొన్న భటులకు 10 డాలర్లే యిచ్చి, అందును దుస్తులకై 3 డాలర్లు తగ్గింతుమనిరి. షా గవర్నరుకు నిరసన తెలిపెను. పటాలము ఆ తక్కువ జీతమును ముట్టలేదు.

అప్పుడు ఉత్తర సేనలు చార్లెస్టన్ రేవును ముట్టడించియుండెను. రేవు ముఖమున మోరిస్ ద్వీపముపై వాగ్నర్ కోట కలదు. జులై 18వ తేదీన, తాను మరణించినచో ఇంటికి పంపుమని షా తన లేఖలను, కాగితములను ఒక మిత్రుని చేతి కిచ్చెను. చీకటి పడువేళ సుమారు 600 మంది భటులకు ముందు నడచి, కోటగోడ నెక్కి, గుండు తగిలి నేల కొరిగెను. పటాలమున 270 మందికి పైగా మృతులో, క్షతగాత్రులో, గల్లంతైనవారో అయిరి. కోట చిక్కలేదు.

శత్రువులు షాను భటులతో కలిపి ఒకే గోతిలో పూడ్చిరి. అనంతరము శవమును వెలికి తీయింతుమన్నప్పుడు తండ్రి వలదనెను. తన భటుల నడుమ నుండుటకంటె కుమారునకు మేలైన చోటు లేదని ఆయన భావము. 1864లో నల్లజాతి భటులకు సమాన వేతనము శాసనమయ్యెను. 1897లో బోస్టన్‌లో షాకును, ఆ భటులకును కలిపి ఒకే శిల్పస్మారకము వెలసెను.

షా లేఖలు 1992లో గ్రంథరూపమున ప్రకటితమైనవి. కోట గెలువని యా యువకుని ధర్మసంకటము ఆ పుటలలో నేటికిని పాఠకులకు లభ్యమగుచున్నది. గ్రంథాలయము చేయు మేలు ఇట్టిదియే కదా!