గ్రహణం విడిచిన మరునాడు

అది 1868వ సంవత్సరం, ఆగస్టు 18వ తేదీ. ఉదయం తొమ్మిది గంటల వేళ గుంటూరులో పట్టపగలే చీకటి పడింది. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేశాడు. తెలుగునాట గ్రహణమంటే పట్టుస్నానం, విడుపుస్నానం, ఉపవాసం, జపం. ఆ ఉదయం గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట మరొక విధమైన తపస్సు సాగింది. దూరదర్శినికి కన్ను ఆనించి ఒక విదేశీయుడు ఆకాశాన్ని పరిశీలిస్తున్నాడు. ఆరు నిమిషాలైనా నిండని ఆ చీకటి కోసమే ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. ఆయనే ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు పియరీ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో జరిగిన ప్రమాదం వల్ల జాన్సెన్ కాలు దెబ్బతిన్నది. జీవితాంతం ఆయన కుంటుతూనే నడిచాడు. చిన్నతనంలో అందరు పిల్లలవలె బడికి పోలేదు. ఇంటివద్దనే చదువుకున్నాడు. యౌవనంలో కుటుంబం కోసం బ్యాంకులో ఉద్యోగం చేయవలసి వచ్చింది. అయినా చదువుమీద ఆసక్తి తగ్గలేదు. గణితం, భౌతికశాస్త్రం అభ్యసించి పట్టా పొందాడు. 1860లో డాక్టరు పట్టం కూడా సంపాదించాడు.

ఆ రోజుల్లోనే శాస్త్రలోకంలో ఒక కొత్త ద్వారం తెరుచుకుంది. సూర్యకాంతిని గాజు పట్టకం గుండా పంపితే అది ఇంద్రధనుస్సులోని రంగులుగా విడిపోతుంది. దీనినే వర్ణపటం అంటారు. మండుతున్న వాయువు నుండి వచ్చే కాంతిలో అన్ని రంగులూ ఉండవు. కొన్ని మెరిసే గీతలు మాత్రమే కనిపిస్తాయి. మనుషులకు వేలిముద్రలు వేరువేరుగా ఉన్నట్లే, ఒక్కొక్క మూలకానికి ఈ గీతలు వేరువేరుగా ఉంటాయి. జర్మనీ శాస్త్రజ్ఞులు కిర్కాఫ్, బున్సెన్ ఈ సంగతిని నిరూపించారు. ఇక కోట్ల మైళ్ళ దూరంలో ఉన్న సూర్యుడు దేనితో తయారయ్యాడో భూమిమీద నిలబడి తెలుసుకోవచ్చు! జాన్సెన్ తన జీవితాన్ని ఈ పరిశోధనకే అంకితం చేశాడు.

సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని నాలుకల వంటివి కనిపిస్తాయి. వీటిని సౌరజ్వాలలు అంటారు. ఇవి సూర్యునికి చెందినవేనని 1860 నాటి గ్రహణంలో తీసిన ఛాయాచిత్రాల వల్ల తేలింది. కాని ఇవి దేనితో ఏర్పడినవో ఎవరికీ తెలియదు. గ్రహణం కొన్ని నిమిషాలలో విడిచిపోతుంది. ఎండ రాగానే జ్వాలలు కనబడవు. మళ్ళీ చూడాలంటే మరొక సంపూర్ణ గ్రహణం కోసం కాచుకోవాలి.

1868 గ్రహణపు నీడ మనదేశాన్ని పడమటి తీరం నుండి తూర్పు తీరం దాకా దాటిపోయింది. ఆ దారి పొడవునా శాస్త్రజ్ఞులు విడిది చేశారు. నేటి కర్ణాటకలోని జమఖండిలో జాన్ హెర్షెల్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్, గుంటూరులోనే టెన్నంట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి పరిశీలనలు జరిపారు. మద్రాసు వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళి గ్రహణాన్ని పరిశీలించాడు.

గుంటూరులో చీకటి కమ్మగానే జాన్సెన్ తన వర్ణపటదర్శినిని సౌరజ్వాలలపైకి తిప్పాడు. ధగధగ మెరిసే గీతలు కనిపించాయి. అవి ఉదజని వాయువు గీతలని ఆయన గుర్తించాడు. సౌరజ్వాలలు మండుతున్న వాయురాశులని తేలిపోయింది. చాలామందికి ఆనాటి పని అంతటితో ముగిసింది. జాన్సెన్‌కు మాత్రం అప్పుడే ఒక ఆలోచన తట్టింది. ఇంత ప్రకాశవంతమైన గీతలు గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనబడకూడదు?

ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. దానిని వర్ణపటంగా విస్తరింపజేస్తే అది పలుచబడి మసకబారుతుంది. జ్వాలల కాంతి కొన్ని గీతలలోనే ఇమిడి ఉంటుంది కనుక అంతగా తగ్గదు. ఆ రోజుకు ఆకాశం అనుకూలించలేదు. మరునాడు ఆగస్టు 19న, సూర్యుడు ఉదయించగానే జాన్సెన్ పరికరాన్ని సూర్యబింబం అంచుకు గురిపెట్టాడు. నిండు ఎండలో, గ్రహణం లేకుండానే, ఆ గీతలు కనిపించాయి! ఆ తరువాత రెండు వారాలకు పైగా ఆయన ప్రతిదినం గ్రహణం చూసినట్లే సౌరజ్వాలలను పరిశీలించాడు.

సెప్టెంబరు 19న కాకినాడ నుండి ఆయన తన పరిశోధన ఫలితాలను ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తుకు లేఖగా రాశాడు. అక్కడికి దగ్గరలోనే ఉన్న యానాం అప్పట్లో ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఓడమీద పోయిన ఆ లేఖ పారిస్ చేరడానికి నెలకు పైగా పట్టింది. ఈలోగా మనదేశానికి రాకుండానే, ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ అనే శాస్త్రజ్ఞుడు అక్టోబరు 20న అదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొన్నాడు. ఇద్దరి లేఖలూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో పరిషత్తు ముందుకు వచ్చాయి. ఎవరు ముందు, ఎవరు వెనుక అనే తగవు రాలేదు. ఇద్దరికీ సమానంగా కీర్తి దక్కింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలనూ ఒకే పతకంపై ముద్రించింది. సౌరకాంతిలోని ఒక పసుపు గీత కొత్త మూలకానిదని లాక్యర్ ఊహించాడు. అదే హీలియం. 1895లో రామ్సే దానిని భూమిమీద కనుగొన్నాడు.

1870 డిసెంబరులో అల్జీరియాలో మరొక సంపూర్ణ గ్రహణం రానున్నది. అప్పుడు పారిస్ నగరాన్ని జర్మన్ సేనలు ముట్టడించి ఉన్నాయి. లోపలివారు బయటకు పోయే మార్గం లేదు. డిసెంబరు 2న జాన్సెన్ పరికరాలతో సహా బెలూను ఎక్కి, శత్రుసేనల మీదుగా ఎగిరిపోయాడు. ఎలాగో అల్జీరియాలోని ఓరాన్ చేరాడు. కాని గ్రహణవేళకు మబ్బులు కమ్మాయి. ప్రాణాలకు తెగించి చేసిన ప్రయాణం వ్యర్థమైంది.

ఆయన నిరాశ చెందలేదు. మరుసటి సంవత్సరమే మళ్ళీ మనదేశానికి వచ్చాడు. 1871 డిసెంబరు 12న నీలగిరులలోని షోలూరు వద్ద ఆకాశం నిర్మలంగా ఉంది. సూర్యుని చుట్టూ కిరీటంలా వెలిగే కరోనాను ఆయన అక్కడ పరిశీలించాడు. దానిలో కొంత వెలుగు సూర్యకాంతి ప్రతిఫలించగా వచ్చినదని గ్రహించాడు.

1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని చూడడానికి జాన్సెన్ జపాన్ వెళ్ళాడు. అందుకోసం వరుసగా ఛాయాచిత్రాలు తీసే యంత్రాన్ని తయారుచేశాడు. తరువాత వచ్చిన చలనచిత్ర యంత్రానికి అది దారి చూపింది. పారిస్ సమీపంలోని మ్యూడన్‌లో వేధశాలను స్థాపించి, చివరివరకు దానికి అధిపతిగా ఉన్నాడు. అక్కడ తీసిన వేలకొలది సూర్యుని ఛాయాచిత్రాల నుండి ఎంచినవాటిని సంపుటంగా ప్రకటించాడు. మౌంట్ బ్లాంక్ శిఖరంపై మంచులో వేధశాలను కట్టించాడు. 1893లో, 69 సంవత్సరాల వయస్సులో, నడవలేని ఆయన ఇతరుల సహాయంతో ఆ శిఖరం చేరుకున్నాడు.

1907 డిసెంబరు 23న జాన్సెన్ మరణించాడు. గుంటూరు గ్రహణం ఆరు నిమిషాలలోపే విడిచిపోయింది. ఆనాడు ఆయనకు తట్టిన ఆలోచన మాత్రం విడిచిపోలేదు. గ్రహణం కోసం ఏళ్ళకేళ్ళు కాచుకునే అవసరం లేకుండా, సౌరజ్వాలలను ఏ రోజైనా చూసే మార్గాన్ని అది శాస్త్రలోకానికి చూపింది.